గంజిలో నీలిమందు

మ్యూరియల్ హ్యాడో నాలుగో కుచ్చుల కాలరును గంజిగిన్నెలో ముంచి, పైకెత్తి, రెండు అరచేతుల మధ్య మెల్లిగా ఒత్తింది. సోమవారం నటుల చెమటకు మెత్తబడిన కాలర్లవి. మళ్లీ నిక్కబొడుచుకుని నిలబడాలంటే మళ్లీ గంజి పెట్టాల్సిందే. స్టేజి దీపాల కింద తెల్లబట్ట పసుప్పచ్చగా కొడుతుందని ఆమె గంజిలో నీలిమందు కాస్త ఎక్కువే కలుపుతుంది. వేళ్ల చివర్లు నీలంగా ఉన్నాయి.

"ఇంకా బోలెడున్నాయి. మీరు అడుగుతూ ఉండండి. నా చేతులకే పని, చెవులకు కాదు," అంది వెనక్కి తిరగకుండానే.

మిస్ హెస్టర్ టాలివర్ వంటింటి కుర్చీలో కూర్చుని, ఎప్పుడో చల్లారిపోయిన టీ కప్పును పక్కకు జరిపింది. ఊరి హాలుకు బీమా చేసిన కంపెనీ తరఫున ఆరా తీయడానికి వచ్చిన మనిషి ఆమె. ఆ కప్పు పక్కన బిస్కెట్టు పెట్టకపోవడాన్ని కూడా ఆమె గమనించింది. మొగుడు పోయి మూడు రోజులైన ఇల్లు అది. అలాంటి ఇంట్లో ఎవరూ బిస్కెట్టు ఆశించరు. కానీ బల్ల మీద మూత తీసిన బిస్కెట్ల డబ్బా ఉంది, పక్కన ఇంకెవరికో సిద్ధం చేసిన శుభ్రమైన కప్పు, సాసరు ఉన్నాయి.

క్లిఫర్డ్ హ్యాడో థార్న్‌బీలో వేలంపాటలు నడిపేవాడు. గొంతు పెద్దది. ఆ గొంతు చూసే ఊరి నాటక సమాజం ఇరవై ఏళ్లుగా రాజు వేషం అతనికి కట్టబెట్టింది. షేక్స్‌పియర్ రాసిన రాజుల్లో అతని చేతిలో చావనివాడు లేడని, చందా కట్టని వాళ్లు ధైర్యంగానూ కట్టినవాళ్లు చాటుగానూ అనుకునేవారు. సోమవారం సాయంత్రం, వేషాలు వేసుకుని చేసే చివరి రిహార్సల్లో, అతను కోటగోడ మీద నిలబడి మాట్లాడుతూ ఉన్నట్టుండి మూలకు నడిచి, రెయిలింగు మీద వంగాడు. రెయిలింగు ఊడి అతనితో పాటే కింద పడింది. అతని మెడ విరిగింది.

ఆ కోటగోడ కట్టింది పెర్సీ డాబ్స్ అనే ముసలి వడ్రంగి. రెయిలింగు చివర బోల్టులు బిగించడం అతను మర్చిపోయాడని ఇన్‌స్పెక్టర్ పాస్క్, శవం చల్లారకముందే తేల్చేశాడు. రేపు పొద్దున మరణ విచారణ. అక్కడ కూడా ఆ మాటే నిలిస్తే, డెబ్బై ఏళ్ల పెర్సీ ఒక మనిషి చావుకు కారకుడిగా జైలుకు పోతాడు.

మీ ఆయన ఇదివరకు రిహార్సళ్లలో ఎప్పుడైనా ఆ మూలకు వెళ్లాడా అని టాలివర్ అడిగింది. లేదంది మ్యూరియల్. నడిమధ్యన సుద్దముక్కతో వేసిన గుర్తు మీద నిలబడి, అక్కణ్నించి కదిలేవాడు కాదట. మరి సోమవారం ఎందుకు కదిలాడు? తనకు తెలియదనీ, తాను బట్టల గదిలో ఉన్నాననీ అంది. మాట మర్చిపోయి తడబడ్డాడేమో అని టాలివర్ అంటే, ఆమె చేతిలో కాలరు ఒక్క క్షణం ఆగింది.

"మా ఆయన ఇరవై ఏళ్లలో ఒక్క మాట కూడా మర్చిపోలేదు. చాటునుంచి మాట అందించే ప్రాంప్టరు తన సీన్లలో నోరు మెదపకూడదని కమిటీ చేత రూలు పెట్టించాడు."

టాలివర్ తల ఊపింది. సెక్రటరీ ఈ మాటే అన్నాడు, కోశాధికారి ఈ మాటే అన్నాడు, రాణి వేషం వేసే సెక్రటరీ భార్య కూడా ఏడుస్తూ ఈ మాటే అంది. ఒకే అచ్చులోంచి తీసినట్టున్న మాటలంటే టాలివర్‌కు పడదు.

సమాజంలో మిగతావాళ్ల గురించి అడగ్గా మ్యూరియల్ కాలర్లకు ఇస్త్రీ చేసినంత శ్రద్ధగా ఒక్కొక్కరినీ చదును చేసింది. రాణి ఏడిస్తే వెనక వరసలో నవ్వుతారట. నవ్వించాల్సిన సీన్లో నిద్రపోతారట. పెర్సీ సంగతి అడిగితే, "తాగుబోతు కాదు, దొంగ కాదు. చేతకానివాడు, అంతే. మా సమాజంలో అది తప్పు కాదు లెండి, సభ్యత్వానికి అర్హత," అంది.

శనివారం ఆట మాత్రం ఆగదట. హ్యాడో జ్ఞాపకార్థమే ఆడుతున్నారట. రాజు వేషం డెస్మండ్ క్రేక్‌కు ఇచ్చారు. అతను బళ్లో భూగోళం చెప్తాడు. పదకొండేళ్లుగా నాటకాల్లో కబురు మోసుకొచ్చే సేవకుడి వేషాలే. వస్తాడు, మోకాలు వంచుతాడు, యుద్ధం ఓడిపోయామని చెప్తాడు, పోతాడు. అలాంటివాడు రాజు పాఠం మొత్తం రెండు రోజుల్లో నేర్చేసుకున్నాడు.

"రాత్రిళ్లు ఈ బల్ల దగ్గరే కూచోబెట్టి నేనే చెప్పించాను. తట్టనప్పుడు నా మొహంలోకి చూస్తాడు. నేను మాట అందిస్తాను. నాలుగింటికి వస్తాడు, మా ఆయన అంగీ అతనికి సరిచెయ్యాలి. నడుం దగ్గర బాగా లోపలికి తియ్యాలి," అంది మ్యూరియల్. ఇంతసేపట్లో ఆమె గొంతు మెత్తబడింది ఆ నడుం దగ్గరే.

*

హాల్లో పెర్సీ డాబ్స్ ముందు వరసలో, టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. స్టేజి ముట్టుకోవద్దని పోలీసులు అతనికి చెప్పారు. ఇంట్లో ఉందామంటే భార్య మొహం చూడటం లేదు. అందుకని ఇక్కడికొచ్చి, తాను కట్టిన గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాడు.

"బోల్టులు బిగించావా పెర్సీ?"

"బిగించాననే అనుకుంటున్నానమ్మా."

మంగళవారం నాడు అతను "బిగించాను" అన్నాడు. రేపు విచారణలో నిలబెట్టేసరికి ఏమంటాడో టాలివర్‌కు అర్థమైంది. ఆమె ఇంకేమీ అడగకుండా నిచ్చెన ఎక్కింది.

చెక్కతో కట్టి, బూడిదరంగు పూసి, రాళ్ల గీతలు గీసిన గోడ అది. రాళ్లు ఒకవైపు ఇటుకల్లా, ఇంకోవైపు రొట్టెల్లా ఉన్నాయి. రాళ్లు గీసినవాళ్లెవరో గానీ, గోడ కట్టినవాడు మాత్రం పని తెలిసినవాడు. ఎక్కడా కిర్రుమనలేదు. కుడి మూలన రెయిలింగు ఊడిన చోట ఆమె మోకాళ్ల మీద కూర్చుంది. బోల్టులు దూరాల్సిన కన్నాలు నున్నగా ఉన్నాయి, చెక్క ఎక్కడా చీలలేదు. అంటే బోల్టులు బరువుకు పెరుక్కుని రాలేదు. అసలు పెట్టి ఉండకపోవాలి, లేదా పెట్టినవి ఎవరో తీసి ఉండాలి. ఇందులో పెర్సీని కాపాడేదేమీ లేదు.

ఆమె లేచి సుద్దముక్క గుర్తు మీద, రాజు నిలబడే చోట నిలబడింది. ఎడమవైపు స్తంభం చేతికందే దూరంలో ఉంది. హాల్లోంచి కనపడని వైపు, కంటి ఎత్తులో, రంగు లేచిపోయి పచ్చిచెక్క కనపడుతోంది. ఎవరో వాడి వస్తువుతో గీకారు. జెండా కర్ర వెనకా అలాంటి మచ్చే. ఆమె దిగి, కింద సింహాసనం వెనక చూసింది. అక్కడా అంతే. రాణి చేతికిచ్చే వెండిరంగు గిన్నె లోపలా అంతే. ఆ గిన్నె అడుగున మాత్రం గీకినవాళ్ల చెయ్యి సరిగా దూరలేదు. కాగితం ముక్క మిగిలింది. దాని మీద సగం అక్షరం ఉంది. ఆ సగమే బొటనవేలంత ఉంది.

ఇరవై ఏళ్లలో ఒక్క మాట మర్చిపోని మనిషి రహస్యం టాలివర్‌కు అంతుపట్టింది. మర్చిపోవడానికి ముందు గుర్తుండాలి కదా. హ్యాడో తన పాఠం నేర్చుకునేవాడే కాదు. స్టేజి నిండా అంటించుకునేవాడు.

ఆమె మళ్లీ పైకెక్కి, ఈసారి కుడి మూలన బోర్లా పడుకుని, తల గోడ అంచు దాటించి కిందికి చూసింది. అంచు పలక బయటివైపు, హాల్లోంచి చూస్తే గీసిన రాళ్లలో కలిసిపోయే బూడిదరంగు కాగితం పట్టీ ఒకటి అంటించి ఉంది. దాని పై కొస మాత్రం అంచు మీదుగా లోపలికి మడిచి ఉంది. ఆ కొస మీద రాజు మాటలు రెండు మూడు, బొటనవేలంత అక్షరాల్లో ఉన్నాయి. అంచు దాటి కిందికి పోయినకొద్దీ అక్షరాలు సన్నబడి, చివరికి చీమలబారులా తయారయ్యాయి. ఈ ఒక్క దాన్నీ ఎవరూ గీకలేదు.

"దిగండి మిస్ టాలివర్. ఆ గోడ మీద ఇంకో చావు రాసుకునే ఓపిక నాకు లేదు."

ఇన్‌స్పెక్టర్ పాస్క్ హాలు మధ్యలో నిలబడి ఉన్నాడు. రెయిన్‌కోటు కింద ఎర్రటి మేజోళ్లు. చంకలో తగరపు శిరస్త్రాణం. నాటకంలో అతను ఈటె పట్టుకుని నిలబడే ప్రభువు. ఈటె తిన్నగా పట్టుకున్నందుకు కిందటేడు అతనికి ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు.

"మీ మేజోళ్లు జారుతున్నాయి ఇన్‌స్పెక్టర్," అంది టాలివర్ లేవకుండానే. "సోమవారం మీరు సరిగ్గా ఈ మూల కిందే ఉన్నారట కదా. ఏం చూశారు?"

పాస్క్ విసుక్కున్నాడు గానీ చెప్పకుండా ఉండలేకపోయాడు. హ్యాడో ఒక చోట ఆగాడట. ఎడమ స్తంభాన్ని చేత్తో తడిమాడట. చుట్టూ చూశాడట. తర్వాత కుడి మూలకు మెల్లిగా నడిచి, వంగి, రెండు మూడు మాటలు అన్నాడట. ఇంకా వంగాడట. అంతే. అంత నటన హ్యాడోలో ఉందని తామెవరూ అనుకోలేదట.

"నా కళ్లు చెమర్చాయి తెలుసా. రాజ్యం పోగొట్టుకున్నవాడి తల అలాగే వాలిపోతుంది."

"ఆయన నటించలేదు. చదువుతున్నాడు."

పాస్క్ నిచ్చెనెక్కి వచ్చి చూసేదాకా ఆమె ఆగింది. తర్వాత వివరంగా చెప్పింది. ఎడమ స్తంభం మీద ఉండాల్సిన చీటీని ఎవరో ముందే పీకేశారు. దాని బదులు ఇక్కడ ఇంకోటి ఎరగా అంటించారు. మొదటి మాటలు పెద్దగా రాశారు కాబట్టి హ్యాడో తన చీటీనే అనుకున్నాడు. మిగతావి చదవాలంటే ఒళ్లంతా రెయిలింగు మీద వాల్చక తప్పదు. ఆ రెయిలింగు బోల్టులు అప్పటికే ఎవరి జేబులోనో ఉన్నాయి. పక్కనుంచి మాట అందించాల్సిన ప్రాంప్టరు, రాజుగారి రూలు ప్రకారం నోరు మూసుకుని కూర్చుంది.

పాస్క్ చాలాసేపు కాగితాన్నే చూశాడు. అతను తెలివితక్కువవాడు కాదు. అదే అతని మీద టాలివర్‌కు ఎక్కువ కోపం తెప్పించింది.

"ఇది రేపు చదివితే ఏమవుతుందో తెలుసా మీకు? చుట్టుపక్కల ఊళ్లలో ప్రతి సమాజం మమ్మల్ని చూసి నవ్వుతుంది. హ్యాడో పేరు మీద వెండి కప్పు పెడుతున్నాం. చీటీలు చదివే రాజు పేరు మీదా?"

"పెర్సీ జైలుకు పోతే నవ్వరా?"

"పెర్సీ వడ్రంగి. వడ్రంగులు మర్చిపోతారు," అన్నాడు పాస్క్ గొంతు తగ్గించి. కింద కూర్చున్న ముసలాయనకు వినపడనంతగా తగ్గించానని అతను అనుకున్నాడు. "రాజులు మర్చిపోరు."

పెర్సీ టోపీని ఒళ్లో ఇటు నుంచి అటు తిప్పాడు.

కాగితం ముక్కతో తాను విచారణ ఆపలేననీ, రేపు పొద్దునకల్లా ఒక పేరు తెస్తే వింటాననీ, లేకపోతే ఇక్కడితో వదిలెయ్యమనీ పాస్క్ అన్నాడు. రిహార్సల్‌కు టైమైందని కూడా అన్నాడు. టాలివర్ చిన్న మడతకత్తి మొనతో పట్టీని అంగుళం అంగుళం లేపి ఊడదీసింది. వెలుతురులో దాన్ని తిప్పి చూసి, రుమాల్లో మడిచి సంచీలో పెట్టుకుంది.

*

మ్యూరియల్ వంటింట్లో కాలర్లన్నీ జామ్ సీసాల మెడలకు తొడిగి ఉన్నాయి. తలల్లేని ప్రభువులు బల్ల చుట్టూ కొలువు తీరినట్టుంది. శుభ్రమైన కప్పులో టీ సగం తాగి ఉంది.

"మెల్లిగా మాట్లాడండి. రాజుగారు పై గదిలో అద్దం ముందున్నారు," అంది మ్యూరియల్. ఆ మాటలో చిన్న నవ్వుంది.

టాలివర్ కూర్చోలేదు. చీటీలు గీకింది మీరేనా అని సూటిగా అడిగింది. మ్యూరియల్ గుండుసూదుల డబ్బా మూత పెట్టింది. కాదనడానికి ప్రయత్నించలేదు. క్లిఫర్డ్ మీద దుప్పటి కప్పారు, పాస్క్ డాక్టరుకు ఫోన్ చేస్తున్నాడు, మిగతావాళ్లు రాణిని ఓదారుస్తున్నారు, ఆ సందులో తాను పైకెక్కి కత్తెరతో గీకేశానంది.

"ఇరవై ఏళ్లు నేనే రాశాను. కళ్లజోడు లేకపోతే ఆయనకు ఆయన కాళ్లే కనపడవు. రాజులు కళ్లజోడు పెట్టుకోరనేవాడు. అందుకని అంతంత అక్షరాలు. ఊరు చప్పట్లు కొట్టేది. నేను చాటున నిలబడి, ఇది సింహాసనం వెనకది, ఇది గిన్నెలోది అనుకునేదాన్ని."

"ఆయన్ను అంత చులకనగా చూసినవాళ్లు, ఆయన పరువెందుకు కాపాడారు?"

"ఆయన పరువా?" మ్యూరియల్ నీలం వేళ్లు ఏప్రన్‌కు తుడుచుకుంది. "అలాంటివాడితో ఇరవై ఏళ్లు కాపురం చేసిన ఆడదాన్ని ఏమంటారు? అది దాచుకున్నాను."

"పెర్సీ సంగతి?"

పెర్సీ సంగతి ఆమెకు తట్టలేదని ఆ మొహమే చెప్పింది. ఈ ఊళ్లో అది ఎవరికీ తట్టలేదు.

టాలివర్ రుమాలు విప్పి, పట్టీని బల్ల మీద కాలర్ల మధ్య పరిచింది. మ్యూరియల్ వంగి చూసి, ముందు నవ్వబోయి, తర్వాత ఆగిపోయింది. ఇది తాను రాసింది కాదంది. చీమల్లాంటి అక్షరాలు క్లిఫర్డ్‌కు ఎందుకు రాస్తాను అంది. ఎక్కడ దొరికిందో టాలివర్ చెప్పింది. రెయిలింగుకు అవతల, అంచు కింద.

"మీరెప్పుడూ దేంతో అంటిస్తారు?"

"పిండి జిగురుతో. ఎందుకు?"

టాలివర్ పట్టీని తిరగేసింది. వెనకవైపు ఎండిన జిగురు పల్చగా, సమంగా పరుచుకుని ఉంది. అది తెల్లగా లేదు. గాజుమీద ఊదిన ఆవిరికి రంగొస్తే ఎలా ఉంటుందో అలా, లేత నీలంగా ఉంది.

పొయ్యి మీద కెటిల్ బుసకొడుతోంది. మ్యూరియల్ ఆ నీలాన్ని చూసింది. పక్కనున్న గంజిగిన్నెను చూసింది. తర్వాత తన వేళ్లను చూసుకుంది. టాలివర్ ఆమె మొహాన్నే చూస్తూ నిలబడింది. ఆ మొహంలో ముందు కనపడింది భయం కాదు. మర్చిపోయిన వస్తువు ఎక్కడ పెట్టిందీ గుర్తుకొచ్చినప్పటి తేటదనం. భయం దాని వెనక వచ్చింది.

"ఈ గంజి ఈ ఇల్లు దాటి ఎవరి చేతికి వెళ్లింది, మిసెస్ హ్యాడో?"

"ఆదివారం," అంది మ్యూరియల్. గంజిగిన్నెను దూరంగా జరిపింది. మళ్లీ మొదలుపెట్టింది. "ఆదివారం కాలర్లకు పెట్టగా మిగిలింది. తన గదిలో గోడకాగితం ఊడుతోందన్నాడు. జామ్ సీసాలో పోసి నేనే ఇచ్చాను."

"చీటీల సంగతి ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు. ఒక్కడికే చెప్పాను. కళ్లజోడు సంగతీ చెప్పాను, ఏ మాట ఎక్కడ అంటిస్తానో అదీ చెప్పాను." ఆమె కుర్చీ వీపు పట్టుకుంది. "నవ్వుకోవడానికి చెప్పాను. నాకు నవ్వుకునే మనిషెవరున్నారు? ఈ బల్ల దగ్గరే కూచుని ఇద్దరం కళ్లనీళ్లొచ్చేలా నవ్వుకున్నాం. క్లిఫర్డ్ ముందు గదిలో పేపరు చదువుకుంటున్నాడు."

మెట్ల మీద చెక్క కిర్రుమంది.

డెస్మండ్ క్రేక్ వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చచ్చినవాడి ఎర్రటి అంగీ ఒంటి మీద ఉంది. నడుం దగ్గర లోపలికి మడిచి పెట్టిన గుండుసూదులు వరసగా మెరుస్తున్నాయి. ఒక చేతికి అంగీ చెయ్యి తొడిగి ఉంది, రెండోది ఖాళీగా వేలాడుతోంది. బల్ల మీద తిరగేసి ఉన్న నీలం పట్టీని అతను అంత దూరం నుంచే గుర్తుపట్టాడు. ఎప్పట్నుంచి అక్కడున్నాడో అడగాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు.

"గోడకాగితం బాగా అంటిందా మిస్టర్ క్రేక్?" అంది టాలివర్.

అతను నోరు తెరిచాడు. పదకొండేళ్లు ఒకరి కబురు మోసుకొచ్చి అప్పజెప్పడమే తప్ప, సొంతంగా ఒక మాట పుట్టించాల్సిన అవసరం ఆ మనిషికి ఎన్నడూ పడలేదు. ఇప్పుడు పడింది. నోరు తెరిచే ఉంది, మాట రాలేదు. టాలివర్‌ను చూడలేదు. తలుపును చూడలేదు. ఈ రెండు రాత్రులూ ఈ బల్ల దగ్గర, పాఠం తట్టనప్పుడల్లా ఎటు చూశాడో అటే, అలాగే, మ్యూరియల్ మొహంలోకి చూశాడు.

ఇరవై ఏళ్లుగా మగవాళ్లకు మాటలు రాసిపెట్టి, అంటించిపెట్టి, అందించిన మనిషి ఆమె. ఆమె ఒక సీసా మీంచి కాలరు తీసి, తడి ఆరిందో లేదో వేలితో నొక్కి చూసి, మళ్లీ దానికే తొడిగింది.

అతను ఇంకాసేపు ఎదురుచూశాడు. ఆ తర్వాత ముందు గదిలోంచి నడిచి, వీధి తలుపు తీసుకుని వెళ్లిపోయాడు. అంగీ అంచు గడపను రాసుకుంటూ పోతుంటే, గుండుసూదులు ఒక్కొక్కటే రాలిపడిన చప్పుడు వంటింట్లోకి వినపడింది.